ఒక టన్ను నూనె రాయి వెంట: ప్రభుత్వ ఆయిల్ షేల్ గని కంపెనీ మీద ప్రాజెక్టు రాయడం ఎలా?

విజయవాడ నుంచి హైదరాబాదు వైపు బస్సులో వెళ్లేవారికి ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. సింగరేణి నుంచీ, ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచీ రైలు వ్యాగన్లలో వచ్చే బొగ్గు అక్కడ కరెంటుగా మారుతుంది, మిగిలిన బూడిద చెరువులోకో, సిమెంటు కంపెనీలకో, ఇటుకల బట్టీలకో వెళుతుంది. ఈ దృశ్యం మన పిల్లలకు చిన్నప్పటి నుంచీ అలవాటే అయినా, డిగ్రీ చివరి ఏడాదిలో ‘ప్రభుత్వ రంగంలోని ఒక గని కంపెనీ మీద ప్రాజెక్టు రాయండి’ అనగానే చాలామంది కంపెనీ చరిత్ర నాలుగు పేజీలు, లాభనష్టాల పట్టిక రెండు పేజీలు, ఫొటోలు పది పేజీలు పెట్టి బైండింగ్‌కు ఇచ్చేస్తున్నారు. రసాయనశాస్త్రం చెబుతూ ఇలాంటి ప్రాజెక్టులు ఎన్నో దిద్దిన అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాను. ఆయిల్ షేల్ అంటే మండే గుణమున్న, వేడి చేస్తే నూనె ఇచ్చే రాయి. ఎస్టోనియా దేశంలో ఆ రాతి గనులను నడిపే ప్రభుత్వ సంస్థ ఎస్తి ఎనెర్గియాను ఉదాహరణగా తీసుకుని, అటువంటి సంస్థను ఏ వైపు నుంచి పట్టుకుంటే అర్థమవుతుందో, ఏ క్రమంలో రాయాలో చెప్పడం దీని ఉద్దేశం.

సింగరేణి ఉండగా ఎక్కడో బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఎస్టోనియా ఎందుకని అడగవచ్చు. ఆ దేశం మొత్తం జనాభా 13 లక్షల పైచిలుకు మాత్రమే. 2011 జనాభా లెక్కల్లోనే మన విజయవాడ నగర సముదాయం 14 లక్షలు దాటింది. అంత చిన్న దేశం వందేళ్లకు పైగా ఒకే రాయి మీద ఆధారపడి బతికింది, ఇటీవలి దశాబ్దాల దాకా తన కరెంటులో 90 శాతానికి పైగా ఆ రాయిని కాల్చే తయారుచేసుకుంది. రాయి ఒకటే, తవ్వకంలో ప్రధాన సంస్థ ఒకటే, అది ప్రభుత్వానిదే. అందువల్ల మొత్తం కథ ఒక విద్యార్థి ప్రాజెక్టులో ఇమిడిపోతుంది. కోల్ ఇండియా వంటి మహా సంస్థను తీసుకుంటే నలభై పేజీల్లో దాని అంచు కూడా తాకలేము.

నేను చెప్పే పద్ధతి ఒక్కటే. కంపెనీ వెంట నడవకండి, ఒక టన్ను రాయి వెంట నడవండి. ఆ టన్ను భూమిలో ఎక్కడ ఉందో, ఎంత పైకి వచ్చిందో, ఎంత లోపలే ఉండిపోయిందో, కాలితే ఏమైందో, నూనె తీస్తే ఏమైందో, చివరికి మిగిలిన బూడిద ఎక్కడికి చేరిందో, దారిలో ఒక్కో మెట్టు దగ్గర ఎవరు ఎవరికి ఎంత కట్టారో వరుసగా రాసుకుంటూ పోతే, ప్రభుత్వ యాజమాన్యం అంటే ఏమిటో దానంతట అదే బయటపడుతుంది.

మొదట పేరు సరిచూసుకోండి

ఒక ఏడాది నలుగురు విద్యార్థుల బృందం ఎంతో కష్టపడి, ఎస్టోనియా గనుల గురించి రాస్తూ, భూమిలోకి అధిక పీడనంతో నీళ్లు పంపి గ్యాసు తీసే అమెరికా పద్ధతి బొమ్మలు వరుసగా ఆరు అంటించింది. వాళ్ల కష్టం చూసి మనసు చివుక్కుమంది, కానీ ఆ ఆరు పేజీలూ తీసేయక తప్పలేదు. పొరపాటుకు మూలం పేరులోనే ఉంది. ఆయిల్ షేల్ వేరు, ఇప్పుడు అమెరికాలో షేల్ ఆయిల్ అని పిలుస్తున్నది వేరు. అమెరికాలో తీసేది రాతి పొరల్లో అప్పటికే ద్రవరూపంలో చిక్కుకుని ఉన్న చమురు. రాయిని పగలగొట్టి దారి చేస్తే అది బయటికి వస్తుంది. ఆయిల్ షేల్‌లో చమురు లేదు. అందులో ఉన్నది కెరోజెన్ అనే ఘన సేంద్రియ పదార్థం. అది మామూలు ద్రావణుల్లో కరగదు, పిండితే కారదు. గాలి తగలకుండా సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసినప్పుడే విచ్ఛిన్నమై నూనె ఆవిరిగా, గ్యాసుగా మారుతుంది. భూగర్భంలో లక్షల ఏళ్ల వేడికి మాగి చమురు కావలసినది, ఆ వేడి అందక పచ్చిగానే ఉండిపోయిందని చెప్పుకుంటే తేలికగా గుర్తుంటుంది. గందరగోళం పూర్తిగా పోదు, ఎందుకంటే ఆయిల్ షేల్‌ను బట్టీలో పెట్టి తీసిన నూనెను కూడా షేల్ ఆయిల్ అనే అంటారు. అందుకే మీ ప్రాజెక్టు మొదటి పేజీలోనే మూడు వాక్యాల్లో ఈ తేడా రాయండి. ఆ మూడు వాక్యాలు లేని ప్రాజెక్టును నేనైతే ముందుకు చదవను.

ఎస్టోనియా రాయికి శాస్త్రీయంగా కుకర్సైట్ అని పేరు. కుక్రూసె అనే ఊరి జమీందారీ పేరు నుంచి అది వచ్చింది. ఆర్డొవీషియన్ యుగంలో, అంటే సుమారు 45 కోట్ల సంవత్సరాల క్రితం, లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు సున్నపు బురదతో కలిసి పేరుకుపోగా ఏర్పడింది. వాళ్ల భాషలో దాన్ని ‘పోలెవ్‌కివి’ అంటారు, అంటే మండే రాయి. కివియోలి అని ఒక పట్టణమే ఉంది, ఆ మాటకు అర్థం రాతి నూనె. ఒక రైతు ఆ రాళ్లతో స్నానపు గది కట్టుకుని పొయ్యి వెలిగిస్తే గోడలే అంటుకున్నాయని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కథను కథగానే రాయండి, చరిత్ర అధ్యాయంలో కలపకండి.

గాజు గొట్టంలో ఒకసారి చూడండి

కంపెనీ గురించి ఒక్క అక్షరం రాయకముందు ఈ ప్రయోగం చేయాలని నా పట్టు. మన దగ్గర కుకర్సైట్ దొరకదు కాబట్టి రంపపు పొట్టుతో చేస్తాము. పొట్టు కెరోజెన్ కాదు, కానీ గాలి లేకుండా వేడి చేయడం అనే సూత్రం అదే. కాలేజీ ప్రయోగశాలలో, అధ్యాపకుడి సమక్షంలో, పొగ బయటికి పోయే గూడులోనో పెద్ద కిటికీ పక్కనో మాత్రమే చేయండి, ఎందుకంటే వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

గట్టి గాజు పరీక్షనాళికలో మూడో వంతు వరకు ఎండిన రంపపు పొట్టు వేసి, బిరడా బిగించి, స్టాండుకు మూతి కొంచెం కిందికి వాలేలా కట్టండి. ఈ వాలు చాలా ముఖ్యం; వేడికి పుట్టిన నీటిచుక్కలు వెనక్కి జారి కాగిన గాజు మీద పడితే నాళిక టప్పున పగులుతుంది. బిరడాలోంచి వంచిన గాజు గొట్టం ఒకటి, చల్లని నీళ్ల బీకరులో నిలబెట్టిన రెండో నాళికలోకి పోవాలి. ఆ రెండో నాళిక బిరడాకు సన్నని మూతిగల మరో గొట్టం ఉండాలి, లేకపోతే వాయువుకు దారి ఉండదు. బర్నరు వెలిగించి నాళికను నెమ్మదిగా వేడి చేయండి. ముందు తెల్లటి ఆవిరి వస్తుంది. తరువాత పొగ పసుపుపచ్చగా చిక్కబడి గొట్టం నిండా కదులుతుంది. రెండో నాళిక అడుగున పైన పలచటి నీరు, కింద ముదురు గోధుమ రంగు జిడ్డు చేరతాయి. లోపలి గాలంతా వెళ్లిపోయేవరకు ఆగి సన్నని మూతి దగ్గర అగ్గిపుల్ల పెడితే చిన్న మంట నిలబడుతుంది. మొదటి నాళికలో నల్లటి బొగ్గు మిగులుతుంది.

ఆయిల్ షేల్ పరిశ్రమ అంతా ఆ రెండు నాళికల్లో ఉంది. గోధుమ రంగు జిడ్డు నూనె, మంట గ్యాసు, మిగిలిన నలుపు వాళ్ల భాషలో సెమీకోక్. వాళ్ల రాయిలో ఖనిజ భాగం చాలా ఎక్కువ కాబట్టి మిగిలేది కూడా చాలా ఎక్కువ అన్నదే తేడా.

రెండో పరీక్ష ఇంకా సులభం. వడపోత కాగితాన్ని పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టండి. ఒక గ్లాసులో చిటికెడు సిమెంటు కలిపి, తేటను ఒక చుక్క ఆ కాగితం మీద వేయండి. మన ఇళ్లలో పారాణికి పసుపులో సున్నం కలపగానే వచ్చే ఎరుపు వస్తుంది. ఎస్టోనియా రాయి సున్నపు బురదతో కలిసి పుట్టిందని చెప్పుకున్నాము కదా, కాలినప్పుడు అందులోని సున్నపురాయి కొంత సున్నంగా మారి బూడిదలో ఉండిపోతుంది. అందుకే ఆ బూడిద మీద నిలిచిన నీళ్లు తీవ్రమైన క్షారం. పసుపు కాగితం మీద వేస్తే పారాణి రంగే వస్తుంది. ఇబ్రహీంపట్నం బూడిదలో సున్నం పాలు చాలా తక్కువ. ఈ ఒక్క తేడా వల్ల అక్కడి బూడిద సమస్యా, బూడిద ఉపయోగాలూ మనవాటికన్నా వేరుగా ఉంటాయి.

టన్ను రాయి భూమిలోంచి పైకి

ఇప్పుడు గనిలోకి వెళదాము. ఈశాన్యాన ఇదా-విరు అనే జిల్లాలో ఈ పొర ఉంది. ఉత్తరాన నేల మీదికే తేలి, దక్షిణానికి పోయేకొద్దీ కిందికి దిగుతుంది. తవ్వదగిన పొర మందం మొత్తం రెండున్నర నుంచి మూడు మీటర్లు, అది కూడా ఏకమొత్తంగా కాకుండా మధ్య మధ్య సున్నపురాతి పలకలతో అరలు అరలుగా ఉంటుంది. లోతు తక్కువ ఉన్నచోట నార్వా ఓపెన్‌కాస్ట్ వంటి గనుల్లో పైమట్టి, పైరాయి తొలగించి తవ్వుతారు. లోతు ఉన్నచోట భూగర్భంలోకి దిగుతారు. 1972లో ప్రారంభమైన ‘ఎస్టోనియా’ గని ఈ రకపు గనుల్లో ప్రపంచంలోకెల్లా అతి పెద్దవాటిలో ఒకటి.

భూగర్భంలో వాళ్లు పాటించే పద్ధతి సింగరేణి వాళ్లు బోర్డ్ అండ్ పిల్లర్ అని పిలిచేదానికి దగ్గర. గదులుగా తవ్వుతూ, పైకప్పు కూలకుండా మధ్యలో రాతి స్తంభాలు వదిలేస్తారు. ఆ స్తంభాలు కూడా ఆయిల్ షేలే. పాతిక శాతానికి పైగా సరుకు ఆ విధంగా శాశ్వతంగా కిందనే ఉండిపోతుంది. మీ పట్టికలో మొదటి వరుస ఇదే కావాలి: మూడు టన్నులు పైకి రావాలంటే సుమారు ఒక టన్ను లోపల వదలాలి. పైన పొలాలు, అడవులు, ఇళ్లు కుంగకుండా కాపాడటానికి చెల్లించే ధర అది. లాభనష్టాల ఖాతాలో ఆ టన్ను ఎక్కడా కనిపించదు. కానీ దేశపు ఖనిజ సంపద లెక్కలో అది పోయినట్టే, ఆ సంపదకు యజమాని ప్రభుత్వం, గని నడిపేదీ ప్రభుత్వమే. కంపెనీ వార్షిక నివేదిక ఒక్కటే చదివినవారికి ఈ నష్టం కనిపించకపోవడానికి కారణం ఇదే.

రెండో వరుసలో నీళ్లు రాయండి. గనిలోకి ఊరే నీటిని నిరంతరం పైకి తోడిపోయాలి. ఆ తోడకం వల్ల చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పడిపోతుంది, ఊళ్ల బావులు అడుగంటుతాయి. కృష్ణా డెల్టా చివరి భూముల్లో బోర్లు, కాలువల కష్టం తెలిసిన మన పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. తోడిన నీరు ఎక్కడికి వదులుతున్నారు, ఊళ్లకు నీటి సరఫరా ఎవరి ఖర్చుతో జరుగుతున్నది అన్న రెండు ప్రశ్నలకు జవాబులు వెతకండి.

కాల్చితే ఎంత, నూనె తీస్తే ఎంత

పైకి వచ్చి, సున్నపురాయి కొంత వేరుచేసిన తరువాత, విద్యుత్ కేంద్రానికి చేరే టన్ను రాయిలో కిలోకు సుమారు 8.4 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. మన లెక్కలో కిలోకు దాదాపు 2,000 కిలోకేలరీలు. మన థర్మల్ కేంద్రాల్లో కాల్చే బొగ్గు నాసిరకమని మనమే అనుకుంటాము, అదే సాధారణంగా 3,500 పైన ఉంటుంది. ఇక్కడ లెక్క మీరే వేయాలి, ఎక్కడి నుంచో ఎత్తి రాయకూడదు. ఒక టన్నులో 8,400 మెగాజౌళ్లు. ఒక యూనిట్ కరెంటు 3.6 మెగాజౌళ్లు. భాగిస్తే 2,333 యూనిట్లకు సరిపడే వేడి వస్తుంది. అందులో మూడో వంతు కరెంటుగా మారుతుందని అనుకుంటే 780 యూనిట్లకు దగ్గర. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి నాలుగు నెలలకు ఒక చూపు తక్కువ. ఆ కరెంటు కోసం టన్ను రాయి పోయి దాదాపు సగం బూడిద మిగిలింది, సుమారు 800 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసింది. ఇంధనం మండటం వల్లనే కాక, సున్నపురాయి విచ్ఛిన్నం కావడం వల్ల కూడా ఆ వాయువు వస్తుంది కాబట్టే యూనిట్‌కు దాదాపు కిలో దాకా పోతున్నది.

అదే టన్నును నూనె బట్టీకి పంపితే సుమారు 125 కిలోల నూనె వస్తుంది. పీపా అంటే 159 లీటర్లు కాబట్టి ఒక పీపాకు కొంచెం తక్కువ. దానితోపాటు కొంత గ్యాసు. ఆ బట్టీ పనిచేసే తీరు మన వాళ్లకు చెప్పడానికి మరమరాల బట్టీ కన్నా మంచి పోలిక లేదు. పెద్ద బాండ్లీలో బాగా కాగిన ఇసుకలో బియ్యం పోసి తిప్పితే ఇసుక వేడి గింజకు పట్టి గింజ పేలుతుంది, తరువాత జల్లెడ పట్టి ఇసుకను మళ్లీ కాచుకుంటారు. ఎస్తి ఎనెర్గియా సమూహానికి చెందిన ఎనెఫిట్ బట్టీల్లో ఇసుక స్థానంలో ఉన్నది వేడి బూడిద. నూనె ఆవిరి పోయిన రాయిలో ఇంకా మిగిలిన కర్బనాన్ని మండించి బూడిదను కాచి, ఆ బూడిదను కొత్త రాతి పొడిలో కలిపి తిప్పుతారు. గంటకు 140 టన్నులు, 280 టన్నులు తీసుకునే రెండు రకాల బట్టీలున్నాయి, వాటి పేర్లలో ఉన్న అంకెలు అవే. మరొక పద్ధతిలో, నిట్టనిలువు కొలిమిలో పెద్ద రాతి ముక్కల మధ్యగా వేడి వాయువును పంపుతారు. దాన్ని ఎక్కువగా వాడుతూ వచ్చింది విరు కెమియా గ్రూప్ అనే ప్రైవేటు కంపెనీ. ఒకే రాయి మీద ప్రభుత్వ సంస్థ, ప్రైవేటు సంస్థ రెండూ పనిచేస్తున్నాయి కాబట్టి, పోలిక రాయాలనుకునేవారికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

ఈ దశలోనే యూరోపియన్ యూనియన్ కర్బన అనుమతుల ధరను తెచ్చి పట్టికలో పెట్టండి. విడుదల చేసే ప్రతి టన్ను వాయువుకు ఒక అనుమతి పత్రం కొనాలి. దాని ధర 2018 ఆరంభంలో 10 యూరోల లోపు ఉండేది, 2019లో 25 యూరోల చుట్టూ తిరిగింది, 2023 ఫిబ్రవరిలో 100 యూరోలు తాకింది. మన టన్ను రాయికి 0.8 టన్నుల వాయువు అనుకుంటే, కర్బన ఖర్చు 8 యూరోల లోపు నుంచి 20కి, అక్కడి నుంచి 80కి పెరిగిందన్నమాట. వచ్చే 780 యూనిట్లు అమ్మిన డబ్బులోంచి ఇది పోవాలి. 2018 తరువాత రెండు మూడేళ్లలోనే అక్కడ తవ్వకం ఎందుకు బాగా పడిపోయిందో ఈ ఒక్క గుణకారం చెబుతుంది. గని ఖాళీ కాలేదు, రాయి మారలేదు, కార్మికులు పని మానలేదు. కర్బన ధర మారింది. ఇంతకుముందు తవ్వకం అత్యధికంగా సాగిన 1980లో, సోవియట్ పాలనలో, ఏడాదికి 3.1 కోట్ల టన్నులు దాటింది. తరువాత స్వతంత్ర ఎస్టోనియా ప్రభుత్వం ఏటా 2 కోట్ల టన్నులకు మించి తవ్వరాదని పరిమితి పెట్టుకుంది. ఇటీవల ఆ పరిమితి దరిదాపులకు కూడా పోవడం లేదు.

ఒక్క ప్రభుత్వం, నాలుగు కుర్చీలు

ప్రాజెక్టులో అసలు మార్కులు ఇక్కడే ఉన్నాయి. భూమిలో ఉన్న ఖనిజానికి యజమాని ప్రభుత్వం. తవ్వే కంపెనీలో వాటాదారు ప్రభుత్వం. ఖనిజం మీద, కాలుష్యం మీద రుసుములు వసూలు చేసేది ప్రభుత్వం. అనుమతులిచ్చి తనిఖీ చేసేదీ ప్రభుత్వమే. ఈ నాలుగు కుర్చీల్లో ఒకే వ్యక్తి మారి మారి కూర్చుంటే, ఒక కుర్చీలోంచి చూసిన లాభం మరో కుర్చీలోంచి నష్టంగా కనిపిస్తుంది. డివిడెండ్ ఎక్కువ కావాలంటే రుసుము తగ్గాలి, ఊళ్లకు నీళ్లు సరిగా అందాలంటే ఖర్చు పెరగాలి, ఉద్యోగాలు నిలవాలంటే నష్టం వచ్చినా గని నడవాలి. అందువల్ల ఒక పెద్ద కాగితం తీసుకుని నాలుగు నిలువు గడులు గీయండి, టన్ను రాయి ప్రయాణంలోని ఒక్కో మెట్టునూ అడ్డంగా రాయండి. ఎవరి గడిలో డబ్బు వచ్చింది, ఎవరి గడిలో పోయింది నింపుతూ పోండి. కొన్ని గడులు ఖాళీగా ఉండిపోతాయి. ఆ ఖాళీలను దాచకుండా, అక్కడ సమాచారం దొరకలేదని పట్టిక కిందే రాయండి.

వార్షిక నివేదిక చదివేటప్పుడు ముందు నుంచి మొదలుపెట్టవద్దు. అధ్యక్షుడి సందేశం, రంగుల బొమ్మలు చివరికి వాయిదా వేసి, ఖాతాల కింద ఇచ్చే వివరణల పేజీలకు వెళ్లండి. అక్కడ వెతకవలసినవి రెండు. మొదటిది, గని మూసిన తరువాత భూమిని బాగుచేయడానికీ, బూడిద దిబ్బలను కప్పడానికీ ఎంత సొమ్ము కేటాయించి ఉంచారన్నది. రెండోది, ఆస్తుల విలువ తగ్గింపు. కర్బన ధర పెరిగితే బాయిలర్లు, గనుల విలువ పుస్తకాల్లో ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ ఏడాది నష్టం చూసి కంపెనీ నిర్వహణ చెడిందని తొందరపడి రాయకూడదు. ఎస్తి ఎనెర్గియా సమూహం నివేదికలను ఇంగ్లీషులో కూడా ప్రచురిస్తుంది. కంపెనీ మాట ఒక్కటే కాకుండా, ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం ఆయిల్ షేల్ వినియోగం మీద ఇచ్చిన ఆడిట్ నివేదికలను పక్కన పెట్టుకుని చదవండి. మన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ప్రభుత్వ కంపెనీల మీద చేసే పని అక్కడ ఆ కార్యాలయం చేస్తుంది.

పేర్ల విషయంలో జాగ్రత్త చాలా అవసరం. 1916లో తవ్వకం మొదలై, 1918 చివర కొత్త రిపబ్లిక్ తన సొంత ప్రభుత్వ ఆయిల్ షేల్ సంస్థను పెట్టుకుంది. సోవియట్ కాలంలో యాజమాన్యం మాస్కోకు పోయింది. 1948లో కోఖ్ట్లా-యార్వె నుంచి ఈ రాతి గ్యాసు గొట్టాల ద్వారా లెనిన్‌గ్రాడ్ ఇళ్లకు వెళ్లింది. స్వాతంత్ర్యం తిరిగి వచ్చాక గనుల కంపెనీ ఎస్తి పోలెవ్‌కివి ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎస్తి ఎనెర్గియా కిందికి చేరింది. 2009లో పేరు మారింది, ఆ తరువాత మళ్లీ మారింది, చివరికి విద్యుత్ కేంద్రాలతో కలిసి ఎనెఫిట్ పవర్‌లో భాగమైంది. ఎస్తి ఎనెర్గియా వాటాలు నూటికి నూరు ప్రభుత్వానివే. కాబట్టి 2005 నాటి గనుల కంపెనీ లాభాన్నీ, నేటి ఉమ్మడి కంపెనీ లాభాన్నీ ఒకే గీతలో కలిపి గ్రాఫు గీస్తే అది తప్పుడు గ్రాఫు అవుతుంది. ప్రతి అంకె పక్కన ఏ సంవత్సరం, ఏ కంపెనీ, ఏ కొలమానం అన్న మూడూ ఉండాలి.

సింగరేణితో పోల్చేటప్పుడు

పోలిక పెట్టండి, కానీ పరిమాణంతో కాదు. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. మన 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రభుత్వ వాటా 51 శాతానికి తగ్గకుండా ఉంటే అది ప్రభుత్వ కంపెనీ. అంటే సింగరేణిలో నాలుగు కుర్చీల మీద కూర్చునేవాళ్లే ఇద్దరు. ఇక ఆ బొగ్గును కాల్చే ఇబ్రహీంపట్నం కేంద్రం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ అయిన జెన్‌కోది. గని ఒక రాష్ట్రానిది, బాయిలర్ మరో రాష్ట్రానిది, బూడిద మాత్రం ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు గాలిలోనిది. ఎస్టోనియాలో గని, బాయిలర్, నూనె బట్టీ, బూడిద దిబ్బ అన్నీ ఒకే సమూహం చేతిలో ఉన్నాయి కాబట్టి రాయి ధర మీద బేరం అన్న ప్రశ్నే రాదు, కానీ నష్టం వస్తే ఎవరిమీదికీ నెట్టే వీలూ లేదు. ఈ ఒక్క తేడా మీద మీ ఆలోచన రెండు పేజీలు రాయగలిగితే, మిగిలిన నలభై పేజీల కన్నా అవే విలువైనవి.

ఇబ్రహీంపట్నం వెళ్లి ఫ్లై యాష్ ఇటుకలు పోసే యూనిట్ ఒకటి చూసి రండి. లోడు బూడిద ఎంతకు వస్తున్నది, రవాణా ఎవరు భరిస్తున్నారు, వానాకాలంలో పని ఎన్నాళ్లు ఆగుతుంది అని అడిగితే అక్కడి మేస్త్రీలు ఓపికగా చెబుతారు. మా పిల్లలకు చెప్పారు. ఆ మాటలు మీ నోటు పుస్తకంలో తేదీతో ఉండాలి. ఎస్టోనియాలో ఒక బూడిద దిబ్బ మీద మంచు ఆటల కేంద్రం నడుస్తున్నదనీ, ఆరు దశాబ్దాలకు పైగా తవ్వి 2001లో మూసిన కోఖ్ట్లా గని ఇప్పుడు మ్యూజియం అయిందనీ, 2012లో ఆగిపోయిన ఐదు ఓపెన్‌కాస్ట్ గుంతలో పడవ పందేల కాలువ కట్టారనీ తెలిసినప్పుడు, ఆ మాటలను మేస్త్రీ చెప్పినదాని పక్కన పెట్టి చూడగలగాలి. ఐదు అన్నది అంకె కాదు, ఆ గని పేరు; టైపు చేసేవారు దాన్ని 5గా మార్చేయకుండా చూసుకోండి.

మౌఖిక పరీక్షకు వెళ్లేటప్పుడు పట్టిక గీసిన పెద్ద కాగితం మడతపెట్టి తీసుకెళ్లండి. పరీక్షకులు తప్పకుండా అడిగే ప్రశ్న, గనులు మూసేయాలా వద్దా అని. కార్మికులలో ఎక్కువమంది రష్యన్ మాట్లాడే కుటుంబాలవారు, వాళ్ల పట్టణాలు గని చుట్టూనే పుట్టాయి, మార్పు కోసం యూరోపియన్ యూనియన్ ఇస్తున్న ప్రత్యేక నిధి ఆ జిల్లా కోసమే వస్తున్నది. ఈ మూడూ తెలియకుండా అవుననీ కాదనీ చెప్పవద్దు; చెప్పినా, పట్టికలో ఏ గడి చూసి చెబుతున్నారో వేలు పెట్టి చూపించండి. ప్రయోగం చేసిన రెండో నాళికను కడగకండి. అడుగున ఎండిన గోధుమ రంగు జిడ్డుతోనే కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్లి, మొదటి ప్రశ్న అడగగానే బల్ల మీద నిలబెట్టండి.